చేత్తో మార్చవద్దు

సోమవారం ఉదయం పదిన్నరకు నల్లశివం సార్ గదిలో, గోడ మీది పెద్ద తెరపై, మరగతం పద్దెనిమిదేళ్ల పని నాలుగు సెకన్లలో అయిపోయింది.

లెక్కపెట్టింది ఆయనే. చేతి గడియారం వంక చూసి, "నాలుగంటే నాలుగే సెకన్లు! మనం ఇన్నాళ్లూ దీనికోసం ఒక మనిషిని పెట్టుకున్నాం చూడండి," అన్నాడు. ఆ మనిషి ఆయనకు మూడు కుర్చీల అవతల, ఒళ్లో డైరీ పెట్టుకుని కూర్చునే ఉంది. ఆయన కావాలని అనలేదు. కావాలని అన్నా బాగుండేది, కనీసం మనిషి గదిలో ఉందన్న సంగతి గుర్తున్నట్టు.

కోయంబత్తూరు గణపతి పేటలో లేతు షెడ్ల మధ్య ఇరుక్కున్న రెండంతస్తుల ఆఫీసు అది. తిరుప్పూరు అద్దకం మిల్లుల్లో బనీను గుడ్డకు రంగెక్కించే యంత్రాలుంటాయి కదా, వాటిని నడిపే కంట్రోల్ పెట్టెలు అక్కడ తయారవుతాయి. ఏ రంగుకు ఏం చెయ్యాలో మిల్లులో రంగు మాస్టరు ఆ పెట్టెకు ప్రోగ్రాం రాసిపెడతాడు. నీళ్లు నింపు, ఇంత వేడెక్కించు, ఇంతసేపు ఉంచు, మురికినీళ్లు వదులు. ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్, అలాంటివి మూడువందల పన్నెండు. మాస్టరు రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఎడిటర్ తక్కిన పేరు తానే అందిస్తుంది. పేరు కింద చిన్న పసుపు గళ్లో, అందులో ఏ అంకె దేనికో చెబుతుంది. ఆ పేర్లూ ఆ పసుపు మాటలూ ఉండే సూచనల ఫైలును పద్దెనిమిదేళ్లుగా వరుస వరుసా చేత్తో టైపు చేస్తున్నది మరగతం.

ఇక ఆ అవసరం లేదు. ఏ ఫంక్షన్‌కైనా అసలు కోడులో ముందుగా డిక్లరేషన్ అని ఒక వరుస ఉంటుంది. దాని పేరేమిటో, దానికి ఎన్ని అంకెలివ్వాలో అందులో ఉంటుంది. దినకరన్ రాసిన కొత్త ప్రోగ్రాం ఆ వరుసలన్నీ చదువుకుంటూ పోయి సూచనల ఫైలును దానంతట అదే అల్లేస్తుంది. దినకరన్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. మంచివాడు. మధ్యాహ్నం మరగతం డబ్బాలోంచి అరిసి పరుప్పు సాదం, అంటే పప్పన్నం, సగం తినేవాడు. ఆ పూట మాత్రం తెర వంకే చూస్తూ మాట్లాడాడు గాని ఆమె వంక చూడలేదు.

"అక్కా, ఒకసారి చూడండి. మీరు చూసి సరే అంటే సాయంత్రం మిల్లులన్నిటికీ పంపేస్తాం," అన్నాడు చివరికి.

మరగతం కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వెళ్లింది. పేర్లన్నీ వచ్చాయి. అక్షరం పొల్లుపోలేదు. కాని పేరు కింద పసుపు మాట ఉండాల్సిన చోట ఏముంది? హీట్: అంకె, అంకె. హోల్డ్: అంకె, అంకె. ఫిల్: అంకె, అంకె, అంకె. కిందికి జరిపేకొద్దీ మూడువందల పన్నెండింటికీ అదే తంతు.

ఎందుకలా అయిందో ఆ గదిలో ఆమె ఒక్కతికే తెలుసు. ఆ కోడంతా మొదట రాసిన సభాపతి సార్‌కు టైపు చెయ్యాలంటే మహా బద్ధకం. డిక్లరేషన్‌లో ఏ అంకె డిగ్రీలో ఏది నిమిషాలో పేరు పెట్టకుండా, ఇక్కడో అంకె, ఇక్కడో అంకె అని ఊరుకునేవాడు. యంత్రానికి వరుస తెలిస్తే చాలు, పేర్లక్కర్లేదు. పేర్లు ఆయన తలలో ఉండేవి. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. పోకముందే ఒక్కొక్కటీ అడిగి, రంగు గుడ్డ నమూనాలంటించే షేడు కార్డుల వెనకవైపు పెన్సిలుతో రాసిపెట్టుకుంది మరగతం. ఆయన చెప్పనివి మిల్లులకు పోయి, యంత్రం పక్కన నిలబడి, ఏ అంకె మారిస్తే ఏం మారుతుందో చూసి రాసుకుంది. ఆ కార్డులు ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

నోటిదాకా వచ్చింది. 'ఇవి లేకుండా పంపకు తమ్ముడూ' అనబోయింది. సరిగ్గా అప్పుడే వెనక నల్లశివం సార్, "నెలాఖరుకు కాంట్రాక్టులు చూస్తున్నాం కదా, ఈ పని ఇక లెక్కలోంచి తీసెయ్యొచ్చు," అని ఎవరితోనో అంటున్నాడు. ఆయన నోట ఆమె పేరు కూడా రాలేదు, పని అన్నాడు.

"చూశాను. పేర్లన్నీ వచ్చాయి," అంది మరగతం.

అది అబద్ధం కాదు. ఆ మాట పట్టుకునే ఆ రాత్రి నిద్రపోయింది.

*

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఫోన్లు. ముందు గదిలో ఫోన్లెత్తే తంగమణికి గొంతు బొంగురుపోయింది.

"పసుపు మాటలు పోయాయంట. ఇంట్లో ఎవరో పోయినట్టు ఏడుస్తున్నారు ఒక్కొక్కరూ," అంది మధ్యలో మరగతం బల్ల దగ్గరికి వచ్చి. "అమ్మా, మా మాస్టరు పని మానేసి కూచున్నాడు, మాటలు ఎప్పుడొస్తాయి అంటాడొకాయన. నేనేం చెప్పను, వాన ఎప్పుడొస్తదో చెప్పినట్టు?"

పదకొండింటికి నల్లశివం సార్ పిలిపించాడు. మొదటిసారి ఆయనే ఆమెకు కుర్చీ చూపించి, కూర్చోమన్నాడు.

"మరగతమ్మా, ఆ వివరాలన్నీ మీ దగ్గర ఉన్నాయంట కదా?"

"ఉన్నాయి సార్. ఇంట్లో."

"కంపెనీ సమాచారం ఇంట్లో ఎందుకుంది?"

"ఇక్కడ పెట్టుకోవడానికి నాకు బీరువా ఇవ్వలేదు సార్."

ఆయన నవ్వాడు. మంచిగానే నవ్వాడు. "సరే. ఆ పాత ఫైలు వేసేద్దామంటే ఇకమీద వచ్చే కొత్త ఫంక్షన్లు అందులో ఉండవు, నెలనెలా మళ్లీ ఇదే గొడవ. కార్డులు తెచ్చి దినకరన్‌కిచ్చేయండి. అతను డిక్లరేషన్లలోనే పేర్లు ఎక్కిస్తాడు, అతని ప్రోగ్రాం అవే చదువుకుంటుంది. ఒక్కసారి ఎక్కితే ఇక శాశ్వతం. మీకూ ఊరికే వద్దు. జూన్ దాకా పొడిగించమని పైకి రాస్తాను."

జూన్ దాకా. ఆరు నెలలు. మరగతం భర్త సుబ్బయ్యన్ ఇరవై ఏడేళ్లు లేతు మీద పనిచేసిన మనిషి. చేతికి వణుకు రావడంతో పోయినేడు షెడ్డువాళ్లు ఇంటికి పంపేశారు. ఇల్లు నిలబడింది ఆమె కుర్చీ మీదే. యాభైమూడేళ్ల ఆడమనిషికి, ఈ ఒక్క కంపెనీ ఫంక్షన్లు తప్ప మరేమీ తెలియనిదానికి, కోయంబత్తూరులో ఎవరు కుర్చీ వేస్తారు?

"తెస్తాను సార్," అంది.

బయటికి వస్తుంటే తంగమణి చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కుపోయింది. "తెస్తానన్నావా? ఎప్పుడు? ఇవాళే తెస్తావా పిచ్చి మాలోకం? కాగితం చేతికొచ్చిందా?"

"పైకి రాస్తానన్నాడు."

"రాస్తాడు, రాస్తాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సంతకం పెట్టిన కాగితం నీ సంచిలో పడ్డాకే డబ్బా మూత తియ్యి. అప్పటిదాకా అడిగితే వెతుకుతున్నా అను. బీరువా ఇవ్వనివాళ్లకు వెతకడానికి టైమైనా ఇవ్వాలిగా?"

మరగతం నవ్వింది. చాలా రోజులకు నవ్వు వచ్చింది. తన దగ్గర ఉన్నదొకటి ఎవరికో కావాలి, దానికోసం వాళ్లు ఎదురు చూడాలి అన్న ఊహ మనిషికి ఎంత బలమిస్తుందో అంతవరకు ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో డబ్బా దించి కార్డులు పరిచింది. ఒక్కో కార్డు ముందువైపు గుడ్డముక్కలు, చిలకపచ్చ, ఇటుక ఎరుపు, మాగిన నేరేడు రంగు. వెనకవైపు తన రాత. టైపు చేసేముందు ఆ గుడ్డముక్క అంచును వేలితో మీటడం ఆమెకు అలవాటు. హోల్డ్ కార్డు ముందువైపు నెమలి కంఠం నీలం. వెనకాల ఇలా ఉంది: 'జాగ్రత్త. తక్కినవాటిలా కాదు. ఇందులో ముందు నిమిషాలు, తర్వాత డిగ్రీలు. ఓపిక పట్టు, నీలం తొందరపడదు.' సభాపతి సార్ ఎవరో ఒక గిరాకీ కోసం ఆ ఒక్కటి తిరగేసి రాశాడు, మళ్లీ సరిచేయలేదు. దాన్ని చూసి ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇదొక్కటైనా రేపు చెప్పెయ్యాలి అనుకుంది. ఒక్కటి చెబితే, మరి మిగతావి ఏవీ అంటారు. కార్డులన్నీ దొంతి పెట్టి రబ్బరు బ్యాండు వేసేసింది.

బుధవారం దినకరన్ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ, "వెతుకుతున్నా తమ్ముడూ," అంది.

*

గురువారం పొద్దున్న కాగితం వచ్చింది. సంతకం, ముద్ర, జూన్ ముప్పై దాకా అన్న మాట, అన్నీ ఉన్నాయి. మరగతం దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, సంచి లోపలి జేబులో పెట్టి జిప్పు లాగింది. తంగమణి దూరం నుంచే కళ్లెగరేసింది.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే వేళకు నల్లశివం సార్ గదిలోంచి గట్టిగా మాటలు వినబడ్డాయి. ఫోను మీద అరచెయ్యి మూసి తలుపులోంచి పిలిచాడాయన. "మరగతమ్మా! హోల్డ్‌లో ఏది ముందు?"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నిమిషాలు సార్."

ఆయన చెయ్యి తీసి ఫోనులో అన్నాడు. "చూశారా? అరవై నిమిషాలు, ఎనభై డిగ్రీలు అని వెయ్యాలి. మీవాడు ఎనభై, అరవై అని వేశాడు. అంటే ఎనభై నిమిషాలు, అరవై డిగ్రీలు. నెమలి నీలం అరవైలో ఎక్కుతుందా ఎక్కడైనా? మా పెట్టె ఏం చేస్తుందండీ, చెప్పింది చేసింది. తప్పు మనిషిదే."

అవతల యజమాని గొంతు పెద్దది, బయటికే వినబడింది. "నాలుగువందల కిలోల గుడ్డ సార్! నీళ్లు కలిపిన సిరాలా ఉంది. ఎగుమతి సరుకు. ఆ కదిర్‌వేల్ గాణ్ణి నిన్ననే బయటికి పంపేశా లెండి. మీ తప్పా వాడి తప్పా అని అడిగి తెలుసుకుందామని ఫోను చేశా."

"వాడిదే. సందేహం లేదు," అన్నాడు నల్లశివం సార్.

ఫోను పెట్టాక కూడా మరగతం గుమ్మంలోనే నిలబడి ఉంది. కుడిచేతి వేళ్లకు అన్నం అంటుకునే ఉంది. "సార్, పసుపు మాట ఉండుంటే అతను అంకెలు తిరగేసేవాడు కాదు."

"సూచన అంటే సూచనే కదమ్మా. ఉంటే మంచిది, లేకపోతే నేరం కాదు. మాస్టరన్నవాడికి తెలియాలి." కాగితాలేవో సర్దుకుంటూ ఆయన మామూలుగా అన్నాడు. "అయినా పంపేముందు మీరు చూశారు కదా. అక్క చూసి సరే అందని దినకరన్ అన్నాడు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఎడమచెయ్యి తనంతట తానే భుజాన ఉన్న సంచి జేబు మీదికి పోయింది. ఆయన అది చూడలేదు. ఆయనకు ఆ కాగితమూ ఈ ఫోనూ వేరు వేరు సంగతులు. ఆమెకు రెండూ ఒకటే. సోమవారం కదిర్‌వేల్ అనే మనిషికి ఉద్యోగం ఉంది, మరగతానికి ఊడేలా ఉంది. ఈవేళ మరగతానికి ఉంది, అతనికి లేదు. మధ్యలో జరిగిందల్లా ఆమె నోరు మూసుకోవడమే.

చెయ్యి కడుక్కుని తిన్నగా దినకరన్ బల్ల దగ్గరికి వెళ్లింది. "ముందు హోల్డ్ మార్చు. నిమిషాలు, తర్వాత డిగ్రీలు. ఇప్పుడే పంపు. తక్కిన కార్డులు రేపు తంగమణి చేత అందజేస్తా. నేను రేపు సెలవు."

"వెతికితే దొరికాయా అక్కా?"

"పోతే కదా దొరకడానికి," అంది మరగతం. దినకరన్ తలెత్తి చూసి, హోల్డ్ డిక్లరేషన్ తెరిచాడు.

ఇంట్లో సుబ్బయ్యన్ కాగితం వణికే చేతుల్లోకి తీసుకుని, వెలుతురు కిందికి వెళ్లి అక్షరం అక్షరం చదివాడు. "జూన్. ఊపిరి పీల్చుకోవచ్చు పాపా," అని మురుగన్ పటం వెనక దోపాడు. భార్యను పాపా అని పిలవడం అతనికి పెళ్లినాటి నుంచి అలవాటు. మరగతం వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరిగింది. ఏడుపు కనబడకుండా ఉండటానికి అంతకంటే మంచి పని ఇంట్లో లేదు.

*

తిరుప్పూరులో ఆ మిల్లు గేటు ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. శుక్రవారం పొద్దున్న మరగతం కదిర్‌వేల్ ఏడని గేటు కాపలావాణ్ణి అడిగితే గడ్డం ఎత్తి అటు చూపించాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. గోళ్ల చుట్టూ నీలం ఇంకా వదల్లేదు. బయటికి పంపేసినా మర్నాటి నుంచీ షిఫ్టు వేళకే వచ్చి, యజమాని కారు దిగేటప్పుడు దండం పెట్టి, మళ్లీ ఆ బల్ల మీదే కూర్చుంటున్నాడు.

"కంట్రోల్ పెట్టెల కంపెనీ నుంచి వచ్చాను," అంది మరగతం.

అతను గబాలున లేచి టీ గ్లాసు పక్కన పెట్టాడు. "కూచోండక్కా. అన్నా, అక్కకో టీ! మీరు నాకోసమా వచ్చింది? నేను తప్పు చేశానక్కా, ఒప్పుకున్నా. హీట్‌లో డిగ్రీలు ముందు కదా, హోల్డ్‌లోనూ అంతే అనుకున్నా. ఈ మిల్లుకొచ్చి ఏడాదే. ఎప్పుడూ ఆ పసుపు మాట చూసే వేసేవాణ్ణి. ఆ పూట మాట లేదు. లేనప్పుడు ఆగాల్సింది. షిఫ్టు మేనేజరు నెత్తి మీద నిలబడి ఇంకా ఎంతసేపు అంటున్నాడు. వేసేశా."

జేబులోంచి ఒక గుడ్డముక్క తీశాడు. నెమలి కంఠం కాదది, వాన వెలిసిన ఆకాశంలా వెలవెలబోతోంది. మరగతం దాని అంచును వేలితో మీటింది. ఇలాంటి రంగుకు తన దగ్గర కార్డు లేదు.

"ఒక్కటి అడగనా అక్కా? ఆ మాటలు రాసే పెద్దాయన ఎలా ఉన్నారు?"

"ఏ పెద్దాయన?"

"అదే, పసుపు మాటలు. ఎవరో పాత రంగు మాస్టరు రాస్తారు కదా. ఓపిక పట్టు, నీలం తొందరపడదు అని రాసుంటుంది. మూత తెరిచే ఫంక్షన్ దగ్గరేమో, 'ఎనభై కిందికి దిగకుండా ముట్టుకోకు, ఇంట్లో నీకోసం అన్నం పెట్టుకుని కూచునుంటారు' అని ఉంటుంది. చేతి కింద పనోళ్లకు నేను అదే చెబుతా. మంగళవారం అన్నీ పోయేసరికి, పాపం ఆయనకేమైనా అయిందేమో అనుకున్నానక్కా. ముసలాయన కదా."

టీ గ్లాసు కాలుతోంది. మరగతం దాన్ని కింద పెట్టలేదు. ఇన్నేళ్లలో తన మాట చదివినవాణ్ణి ఎదురుగా చూడటం ఇదే మొదలు. చదివి ఇంత బాగా గుర్తుపెట్టుకున్నవాడి పొట్టే కొట్టాను గదా అనుకుంది.

"బాగానే ఉన్నారు," అంది. "కొన్నాళ్లు సెలవు పెట్టారు."

"మీరు అక్కడేం చేస్తారక్కా?"

"టైపింగు."

నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గు. లేచి, చీర కొంగు బిగించి, "ఇక్కడే ఉండు," అని గేటు దాటి లోపలికి పోయింది.

యజమాని గదిలో ఆమె మాట్లాడింది అయిదు నిమిషాలు. ఆయన మొదట సగం వింటూ సగం ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఫోను బోర్లించి పెట్టాడు.

"మీ మేనేజరు నిన్న ఇంకోలా చెప్పాడే అమ్మా?"

"ఆయనకు తెలియదు. నాకు తెలుసు."

"రాసిస్తావా?"

మరగతం కాగితం అడిగి తీసుకుని, నిలబడే రాసింది. 'సోమవారం మా కంపెనీ పంపిన సూచనల ఫైలులో హోల్డ్ ఫంక్షన్‌కు ఏ అంకె దేనికో లేదు. లేదని పంపకముందే నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. మూడు రోజులు ఆపి ఉంచాను. కదిర్‌వేల్ తప్పు లేదు. ఆ వివరం లేకుండా ఎవరు వేసినా అలాగే వేస్తారు.' కింద సంతకం చేసి, సూచనల ఫైలు బాధ్యురాలు అని రాసింది. ఆ హోదా కంపెనీ ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు. అక్కడ ఇంకేం రాయాలో ఆమెకు తోచలేదు.

యజమాని కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. "గుడ్డ సంగతి మీ కంపెనీతో నేను తేల్చుకుంటా. వాణ్ణి షిఫ్టుకు రమ్మంటాలే. మంచి పనివాడే," అని, ఆమె గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నాడు. "దీనివల్ల నీకేం ఇబ్బంది రాదుగా అమ్మా?"

"వస్తుంది," అంది మరగతం.

టీ కొట్టు దగ్గర కదిర్‌వేల్ ఆమె రెండు చేతులూ పట్టుకోబోయి, తన నీలం వేళ్లు చూసుకుని మానుకున్నాడు. ఆమె ఫోను నంబరు మాత్రం రాసుకున్నాడు.

*

శనివారం నల్లశివం సార్ ఆమెను కుర్చీలో కూర్చోమనలేదు. బల్ల మీద ఫోను ఆమె వైపు తిప్పి పెట్టాడు. ఫోనులో తన రాత, తన సంతకం.

"గుడ్డ ఖరీదు మనల్ని కట్టమంటున్నాడు. నేను అతని ముందు అబద్ధాలకోరునయ్యాను. ఎందుకు చేశారిది? ఆరు నెలలు ఇప్పించాను కదా!"

"ఇప్పించారు సార్. అందుకే మూడు రోజులు నోరు మూసుకున్నాను."

ఆయన ఫోను తన వైపు లాక్కున్నాడు. కోపిష్టి మనిషి కాదాయన. అందుకే ఆ తర్వాతి మాట మరింత చల్లగా వినబడింది. "ఆ కాగితం వెనక్కివ్వండి."

"ఇంట్లో మురుగన్ పటం వెనక ఉంది."

"అక్కడే ఉండనివ్వండి. హెచ్‌ఆర్‌లో రద్దు చేస్తాం. ఇవాళ దినకరన్‌కు మిగతావి చెప్పేసి వెళ్లండి. సోమవారం నుంచి రానక్కర్లేదు."

దినకరన్ శుక్రవారమంతా కూర్చుని రెండువందల దాకా ఎక్కించాడు. తక్కినవాటిలో పెన్సిలు రాత అరిగిపోయిన చోట్ల ఆగిపోయాడు. మరగతం అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కార్డు చూసి చెప్పేది, అతను డిక్లరేషన్ వరుసలో అంకె పక్కన పేరు టైపు చేసేవాడు. పైన ఒక వరుసలో ఆమె మాట. నీళ్ల ఎత్తు. తిప్పే వేగం. ఉప్పు వేశాక ఆగాల్సిన నిమిషాలు. అక్షరం చెరిగిన చోట ఆమె ముందువైపు తిప్పి గుడ్డముక్కను మీటి, కళ్లు మూసుకుని చెప్పేది. మధ్యాహ్నం అన్నం డబ్బా ఇద్దరి మధ్యా తెరిచి పెట్టింది. దినకరన్ తినలేకపోయాడు.

"అక్కా, నేను ఈ ప్రోగ్రాం రాయకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ఎందుకు రాయకూడదు? మంచి ప్రోగ్రాం. నేను కొత్తవి మర్చిపోయేదాన్ని, అది మర్చిపోదు. దానికి తెలియనిది చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తప్పు నాది, దానికి అంటగట్టకు," అంది మరగతం. "తిను. రేపటినుంచి నీ డబ్బా నువ్వే తెచ్చుకోవాలి."

నాలుగింటికి మూడువందల పన్నెండో కార్డు అయింది. దినకరన్ ప్రోగ్రాం నడిపాడు. మళ్లీ నాలుగే సెకన్లు. కొత్త సూచనల ఫైలు తెర మీద తెరుచుకుంది. కిందంతా ఆమె మాటలే, ఒక్కటీ తప్పిపోకుండా, చుక్కతో కామాతో సహా. అన్నిటికంటే పైన, ప్రోగ్రాం తానే పెట్టుకునే మొదటి వరుస: 'ఈ ఫైలు దానంతట అదే తయారైంది. చేత్తో మార్చవద్దు.'

ఇద్దరూ దాన్నే చూశారు. దినకరన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఈ వరుస తీసేస్తానక్కా. మీ పేరు పెడతా. ఎవరేమన్నా సరే."

మరగతం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తన పనిలో ఏ మాటనైనా ఎలా చూస్తుందో అలాగే ఆ వరుసను ఇంకోసారి చదివింది. ఇది ఎవరికి, ఎప్పుడు పనికొస్తుంది, లేకపోతే ఏం పాడవుతుంది?

"తియ్యకు," అంది. "తెలియక ఎవరైనా ఇందులో చెయ్యి పెట్టారనుకో, మళ్లీ నువ్వు నడిపినప్పుడు వాళ్ల రాత మొత్తం పోతుంది. పాపం, ఎవరి కష్టమో. ఉండనీ. పనికొచ్చే మాట."

దినకరన్ ఆ వరుసతోనే ఫైలును మిల్లులన్నిటికీ పంపాడు. మరగతం ఖాళీ బిస్కెట్ల డబ్బా సంచిలో పెట్టుకోబోయింది. కార్డులు ఇక కంపెనీవి. హోల్డ్ కార్డు మాత్రం దినకరన్ తానే దొంతిలోంచి లాగి ఆమె డబ్బాలో వేశాడు. తంగమణి గేటు దాకా వచ్చి, తిట్టడం మొదలుపెట్టి, సగంలో ఏడ్చి లోపలికి పోయింది.

గణపతి బస్టాపులో జనం పలచగా ఉన్నారు. ఇంటికి పోయి సుబ్బయ్యన్‌కు ఏమని చెప్పాలో ఆమె ఇంకా కూడబలుక్కోలేదు. ముందు పటం వెనక కాగితం తియ్యాలి, తర్వాత చెప్పాలి. లేక ముందు చెప్పి తర్వాత తియ్యాలా? ఫోను మోగింది.

"అక్కా, నేను కదిర్‌వేల్! షిఫ్టులో ఉన్నా," వెనక యంత్రాల హోరుకు అతను అరిచి మాట్లాడుతున్నాడు. "పసుపు మాటలు మొత్తం వచ్చేశాయక్కా! ఇప్పుడే చూశా. మూత దగ్గర అన్నం మాట కూడా ఉంది. మా పనోళ్లందర్నీ పిలిచి చూపించా. పెద్దాయన మళ్లీ పనిలోకి వచ్చేశారన్నమాట!"

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమని కేక వేస్తున్నాడు.

"అవును తమ్ముడూ," అంది మరగతం. "వచ్చేశారు. ఇక ఎక్కడికీ పోరు."

డబ్బా ఉన్న సంచి భుజానికి తగిలించుకుని ఆమె బస్సెక్కింది.